బరువు తగ్గింది, ఇల్లూ ఒళ్లూ ఇంకా సర్దుకోలేదు

ప్రశ్న: నా వయసు 39 ఏళ్లు. ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఎత్తు 158 సెంటీమీటర్లు. 14 నెలల క్రితం 118 కిలోల బరువుండగా, బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. ఇప్పుడు 71 కిలోలున్నాను. బీపీ, థైరాయిడ్ మాత్రలు అప్పటి మోతాదులోనే వేసుకుంటున్నాను. ఇంట్లో మిషన్‌తో చూసుకుంటే బీపీ బాగానే ఉంటోంది కానీ, బడిలో ప్రార్థన సమయానికి లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. పొట్ట మీది చర్మం వేలాడి, మడత కింద ఒరుసుకుపోయి ఎర్రబడుతోంది. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. జుట్టు ఇంకా రాలుతోంది, బయోటిన్ మాత్రలు వాడుతున్నాను. పెళ్లినాటి ఉంగరం చేతులు కడుక్కుంటుండగా జారి కాలువలో పోయింది. ఒక్క జాకెట్టూ పనికిరావడం లేదు. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి. వెళితే ‘షుగరొచ్చిందా, ఇలా వాలిపోయావేంటి’ అనే మాటలు, తినమనే బలవంతం తప్పవు. చర్మానికి ఆపరేషన్ అంటే మావారు ‘అదంతా సోకు’ అంటున్నారు. ఇంత కష్టపడి తగ్గిన తర్వాత సంతోషంగా ఉండాల్సింది పోయి విసుగ్గా ఉంటోంది. వీటిలో ఏది ముందు చూసుకోవాలి?

సమాధానం: మీ ఉత్తరంలో ఉంగరం గురించి మూడు పంక్తులు, జాకెట్ల గురించి నాలుగు పంక్తులు రాసి, కళ్లు తిరగడం గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు (అచ్చులో మీ ఉత్తరాన్ని కుదించవలసి వచ్చింది). నా సమాధానం ఆ ఒక్క ముక్కతోనే మొదలవుతుంది. ఊబకాయానికి ఆపరేషన్ చేయించుకున్నవారికి ఆహారం విషయంలో సలహాలు చెప్పడం చాలా ఏళ్లుగా నా పని కాబట్టి, ఈ దశలో ఉన్నవారు చేసే పొరపాటు ఏమిటో నాకు కొంత తెలుసు. బరువు తగ్గించుకోవడానికి డాక్టర్లు, డైటీషియన్లు, ఇంట్లోవాళ్లు అందరూ దగ్గరుండి సాయం చేస్తారు. తగ్గిన ఒంటితో రోజులు గడుపుకోవడం దగ్గరికొచ్చేసరికి మనిషి ఒంటరిగా మిగిలిపోయి, కళ్లకు కనిపించే ఇబ్బందిని పెద్దదిగానూ కనిపించనిదాన్ని చిన్నదిగానూ లెక్కవేసుకుంటుంది. కాబట్టి ఈ వారంలోనే చేయవలసినవి, ఆరు నెలలు ఆగినా ఫరవాలేనివి విడదీసి చెబుతాను.

118 కిలోల మనిషికి రాసిన బీపీ మాత్రను 71 కిలోల మనిషి వేసుకుంటోంది. బరువు తగ్గినకొద్దీ చాలామందికి రక్తపోటు తనంతట తానే తగ్గుతుంది. దాని మీద మాత్ర ఇంకా తగ్గిస్తుంది. ఆపైన ఆపరేషన్ తర్వాత నీళ్లు ఒక్కసారిగా తాగలేరు కనుక ఒంట్లో నీరూ తక్కువవుతుంది. కూర్చున్నప్పుడు బాగానే ఉండి లేచి నిలబడగానే కళ్లు తిరగడానికి ఇది చాలా సాధారణమైన కారణం. ఇంట్లో మిషన్ సరిగ్గానే చూపిస్తోందన్నారు. ఆ మిషన్ ఎప్పుడు కొన్నారో గుర్తు చేసుకోండి. అప్పటి మీ చేతికి సరిపోయేలా పెద్ద పట్టీ కొని ఉంటే, ఇప్పుడు సన్నబడిన చేతికి అది వదులై ఉన్నదానికన్నా తక్కువ అంకె చూపిస్తుంది. మామూలు పట్టీనే కొని ఉంటే అప్పట్లో అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి ఉండవచ్చు, అంటే ఆ మోతాదే మొదటి నుంచీ కాస్త ఎక్కువై ఉండే అవకాశమూ ఉంది. దండచేయి మధ్యలో టేపుతో కొలిచి, పట్టీ మీద రాసి ఉన్న సెంటీమీటర్ల లోపల మీ కొలత ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాత ఐదు నిమిషాలు కూర్చుని ఒకసారి, లేచి నిలబడిన ఒక నిమిషానికి ఒకసారి, మూడో నిమిషానికి మరోసారి బీపీ చూసి, నాలుగైదు రోజుల అంకెలు ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు, సగం విరిచి వేసుకోనూ వద్దు. అయితే ఈ అంకెలు పూర్తయ్యేలోగా ఒక్కసారైనా నిజంగా స్పృహ తప్పితే కాగితం సంగతి మరచిపోయి ఆ రోజే వెళ్లండి.

థైరాయిడ్ మాత్ర మోతాదుకూ ఒంటి బరువుకూ సంబంధం ఉంది. బరువు బాగా తగ్గినవారిలో కొందరికి అది తక్కువ మోతాదు సరిపోతుంది. మోతాదు ఎక్కువైతే గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, విసుగు, జుట్టు రాలడం కనిపిస్తాయి. మీ ఉత్తరంలోని విసుగుకూ జుట్టుకూ కారణం ఇదేనని నేను అనను, కానీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూపే రక్తపరీక్ష) చేయించకుండా కాదని ఎవరూ అనలేరు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీరు జుట్టు కోసం వేసుకునే బయోటిన్, ఎక్కువ మోతాదులో ఉన్నప్పుడు, కొన్ని ల్యాబుల పద్ధతుల్లో థైరాయిడ్ పరీక్ష ఫలితాన్నే తప్పుగా చూపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆ మాత్రలు ఆపి, ఆపిన సంగతి డాక్టరుకు కూడా చెప్పండి. థైరాయిడ్ మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకున్నాక కాఫీకి అరగంట నుంచి గంట వ్యవధి ఉండాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటలు ఎడం ఉండాలి. కాల్షియాన్నీ ఐరన్‌నూ కూడా ఒకేసారి వేసుకోకూడదు, రెండు గంటలైనా తేడా ఉంచాలి. ఇన్ని గంటల లెక్క గుర్తుంచుకోవడం ఎవరికైనా కష్టమే. మీ బడి టైమ్‌టేబుల్ లాంటిదే ఒకటి రాసి వంటింటి అలమర తలుపు లోపలివైపు అంటించుకుంటే మంచిది: తెల్లవారి థైరాయిడ్, మధ్యాహ్నం భోజనం తర్వాత ఐరన్, సాయంత్రమూ రాత్రీ కాల్షియం.

ఇక జుట్టు. ఒక్కసారిగా బరువు తగ్గినప్పుడు మూడో నెల చుట్టుపక్కల జుట్టు గుప్పెళ్లుగా రాలడం మొదలై, కొన్ని నెలలు రాలి, తర్వాత దానంతట అదే మళ్లీ మొలుస్తుంది. ఆ దశలో నూనెలు మార్చడం వల్ల నూనెల ఖర్చు తప్ప మరేమీ జరగదు. కానీ మీకు 14 నెలలు దాటింది. ఇన్నాళ్లయినా రాలుతోందంటే ఐరన్ నిల్వలు, ప్రోటీన్, జింక్, థైరాయిడ్ వీటిలో ఏదో ఒకటి చూసుకోవాలి. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు. దాంతో ఆమ్లం తగ్గుతుంది, ఐరన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది, బీ12 పట్టడానికి కావలసిన పదార్థం కూడా తగ్గుతుంది. అందుకే ఐరన్, బీ12 మాత్రలు ఏడాది కోర్సు కావు, జీవితాంతం వేసుకోవలసినవి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోకుండా ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వలు), బీ12, విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) కూడా చేయించండి. అరికాళ్లలో తిమ్మిర్లు ఉంటే బీ12 గురించి ప్రత్యేకంగా చెప్పండి. ఎప్పుడైనా రెండు మూడు రోజులు వరుసగా వాంతులైతే దాన్ని అజీర్తి అనుకుని ఇంట్లో ఉండిపోవద్దు. ఈ ఆపరేషన్ అయినవారికి వాంతుల వల్ల బీ1 విటమిన్ త్వరగా అడుగంటి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ప్రోటీన్ లెక్క కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే మన తిండిలో ఎక్కువగా తప్పేది అదే. మీకు రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం నాలుగు ముద్దల పప్పన్నం, సాయంత్రం టీ బిస్కెట్లు, రాత్రి ఉప్మా తిని ‘తింటూనే ఉన్నానండీ’ అనేవారు నా దగ్గరికి వారానికి ఒకరైనా వస్తారు. అదంతా కలిపినా 25, 30 గ్రాములు దాటదు. గుడ్డులో 6 గ్రాములుంటుంది. 50 గ్రాముల పెసలు నానబోసి రుబ్బిన పెసరట్టులో 12 గ్రాములు, 75 గ్రాముల వండిన కోడికూర ముక్కల్లో సుమారు 20, గ్లాసు పాలల్లో 6, కప్పు గట్టి పెరుగులో 6, 30 గ్రాముల వేయించిన శనగల్లో 6, 75 గ్రాముల పనీరులో 14 గ్రాములు ఉంటాయి. వీటిలో పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం కూర, పెరుగు, బడి వదిలాక శనగలు, రాత్రి పనీరు, పాలు అనుకుంటే మీ లెక్క కుదిరిపోతుంది. ఒక్కటే సూత్రం: కంచంలో కూర ముందు, అన్నం చివర. చిన్న పొట్టలో అన్నం ముందు చేరితే కూరకు చోటుండదు. బడిలో మధ్యాహ్నం గంట కొట్టాక పిల్లల భోజనం పర్యవేక్షించి, మిగిలిన పది నిమిషాల్లో డబ్బా ఖాళీ చేసే అలవాటు మీకు ఉండే ఉంటుంది; దాన్ని మానుకోవాలి. ముందు మీరు తినండి లేదా పర్యవేక్షణ తోటి ఉపాధ్యాయురాలితో రోజు మార్చి రోజు పంచుకోండి, కానీ పది నిమిషాల్లో మింగితే ఛాతీలో పట్టేసి వాంతి రావడం ఖాయం.

చర్మం సంగతికి వద్దాం. కొలతలకు మించి సాగిన చర్మంలో సాగే గుణమున్న పోగులు తెగిపోతాయి. అవి నూనెతోనూ క్రీముతోనూ వ్యాయామంతోనూ తిరిగి అతుక్కోవు. బరువులెత్తే వ్యాయామం వల్ల లోపలి కండ కాస్త నిండి చేతులు, తొడలు చూడటానికి మెరుగవుతాయి, కండ కరిగిపోకుండా నిలబడుతుంది. అందుకోసం వ్యాయామం తప్పక చేయవలసిందే. కానీ వేలాడే పొట్ట మడత దానితో పైకి పోదు. ‘ఫర్మింగ్’ అని రాసి ఉన్న డబ్బాల మీద పెట్టే డబ్బును పక్కన పెట్టండి. అది వేరొకచోట పనికొస్తుంది.

మడత కింద వచ్చే ఎరుపు మాత్రం ఈ వారమే చూపించుకోవలసిన విషయం. చెమట, ఒరిపిడి కలిసి తడి చర్మం మీద తామర లాంటి ఫంగస్ చేరుతుంది. మందుల షాపువాళ్లు చేతికిచ్చేది చాలాసార్లు స్టెరాయిడ్ కలిసిన క్రీము. రాయగానే ఎరుపు, దురద మాయమైనట్టుంటాయి, ఫంగస్ మాత్రం కింద పెరుగుతూనే ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ చర్మం పలచబడి చారలు పడతాయి. ‘రాస్తే తగ్గుతుంది, మానేస్తే వస్తుంది’ అన్న మీ మాట చదవగానే నాకు ఈ అనుమానమే కలిగింది. అలాంటి క్రీములు నిజానికి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి. ఆ ట్యూబునే తీసుకుని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంట్లో చేసుకోవలసిన పని చిన్నదే కానీ రోజూ చేయాలి. స్నానం అయ్యాక మడతను చేత్తో పైకెత్తి, మెత్తని నూలు తుండుతో రుద్దకుండా అద్ది, ఫ్యాను కింద రెండు నిమిషాలు నిలబడి, పూర్తిగా ఆరాక, పాత నూలు చీర నుంచి చింపి ఉతికి ఆరబెట్టిన పట్టీ ఒకటి మడత లోపల పెట్టుకోండి. బడిలో మధ్యాహ్నం ఒకసారి ఆ పట్టీ మార్చుకోవడానికి సంచిలో మరొకటి ఉంచుకోండి. తడి మీద పౌడరు చల్లవద్దు, అది ముద్దకట్టి ఒరిపిడిని పెంచుతుంది. అన్నిటికన్నా ముఖ్యం లంగా బొందు. చీర కట్టే ఆడవాళ్లకు సన్నని బొందు సరిగ్గా ఆ మడత మీదే పడి, రోజంతా కోసుకుపోతుంది. మునుపు నడుము నిండుగా ఉన్నప్పుడు తెలియని కోత ఇప్పుడు వదులు చర్మం మీద పుండవుతుంది. మూడు వేళ్ల వెడల్పు నడుము పట్టీ ఉన్న లంగా కుట్టించుకోండి, లేదా బొందే లేకుండా సాగే గుడ్డతో వచ్చే చీర లంగాలు కొనుక్కోండి. నేను పైన మిగల్చమన్న డబ్బు ఇక్కడ ఖర్చు పెట్టవచ్చు.

చర్మం తీసివేసే ఆపరేషన్ సోకా కాదా అన్న ప్రశ్నకు మీవారికి నా సమాధానం ఇది: మళ్లీ మళ్లీ ఒరుసుకుపోయి మందు వాడవలసి వచ్చే శరీరభాగాన్ని గురించి మాట్లాడుకుంటున్నప్పుడు సోకు అన్న మాట అతకదు. అయితే ఆ ఆపరేషన్ ఇప్పుడే చేయించుకోమని కూడా నేను చెప్పను. బరువు కనీసం ఆరు నెలలు ఒకేచోట నిలబడాలి. మీరు ఇంకా నెలకు ఎంతో కొంత తగ్గుతున్నారేమో మీ ఉత్తరంలో లేదు. హిమోగ్లోబిన్, ప్రోటీన్ బాగుండాలి, లేకపోతే కోత మానదు. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా మచ్చ మిగులుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు బిందె ఎత్తకూడదు, పిల్లల్ని ఎత్తుకోకూడదు. బడిలో పనిచేసేవారికి వేసవి సెలవులు దీనికి కలిసివచ్చే కాలం, కాబట్టి రాబోయే సెలవుల నాటికి మీ బరువు నిలబడిందో లేదో చూసుకుని అప్పుడు ఆలోచించండి. ఆరోగ్య బీమా పాలసీల్లో అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి డబ్బు రాదు. ఆరోగ్యానికి నేరుగా ముప్పు ఉండి, వైద్యపరంగా తప్పనిసరి అని డాక్టరు ధ్రువీకరిస్తే మాత్రం పరిశీలిస్తారు. అందువల్ల ఇప్పటి నుంచే పుండుపడ్డ ప్రతిసారీ తేదీతో ఫొటో తీసుకోవడం, చర్మ డాక్టరు చీటీలు, మందుల బిల్లులు ఒక ఫైల్లో దాచడం అలవాటు చేసుకోండి. ఆ ఫైలు చూపించి బీమా సంస్థను ముందే లిఖితపూర్వకంగా అడగండి. మీవారి చేత ఆ ఫైలు పెట్టించగలిగితే ఇంకా మంచిది. బిల్లులన్నీ వరుసగా చూసినవారు సోకు అనడం తగ్గిస్తారని నా అనుభవం.

కొన్ని చిన్న సంగతులు ఒకచోట చెప్పేస్తాను. పూజలో నేల మీద కూర్చుంటే వెన్ను చివరి ఎముక నొప్పి పుట్టడం, ఏసీ గదిలో అందరికన్నా ముందు చలి వేయడం మీకు మొదలయ్యే ఉంటాయి. కొవ్వు మెత్త పోయింది కనుక అవి సహజం, ఒక పీట మీద మందపాటి దుప్పటి మడత, సంచిలో ఒక శాలువా చాలు. చెప్పుల సైజు కూడా సగం నుంచి ఒక అంకె తగ్గవచ్చు, వదులు చెప్పులతో కళ్లు తిరిగే మనిషి మెట్లు దిగడం మంచిది కాదు కాబట్టి చెప్పులు మాత్రం వెంటనే మార్చండి. ఆధార్‌లో ఫొటో మార్చాలంటే ఆన్‌లైన్‌లో కుదరదు, ఆధార్ కేంద్రానికి వెళ్లాలి. ముఖం గుర్తుపట్టలేనంతగా మారి ఉంటే పాస్‌పోర్టుకు కూడా రూపం మారిందన్న కారణంతో మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. నెలసరి క్రమం తప్పి ఉండి ఇప్పుడు సరిగ్గా వస్తుంటే గర్భం వచ్చే అవకాశాలు పెరిగినట్టే. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల దాకా గర్భం వద్దంటారు కనుక, మీకు ఆ ప్రశ్న వర్తించేటట్టయితే డాక్టరుతో మాట్లాడండి. ఇంకొకటి: ఒళ్లు నొప్పులకు, పంటి నొప్పికి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు మీ అంతట మీరు వేసుకోవద్దు, అవి ఈ చిన్న పొట్టలో పుండు పెట్టగలవు. మీకు జరిగిన ఆపరేషన్ పేరు, తేదీ రాసిన చీటీ పర్సులో ఉంచుకోండి. బంధువులకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. పంటి డాక్టరుకు మాత్రం చెప్పాలి.

నగల విషయంలో తొందరపడి ఏదీ చెరిపించవద్దు. ప్రతిసారీ తరుగు, మజూరీ పోతాయి, పైగా మీ కొలత ఇంకా స్థిరపడలేదు. వేలి కణుపు ఎముక కాబట్టి పెద్దగా తగ్గదు, దాని కింది భాగం సన్నబడుతుంది. అందుకే ఉంగరం కణుపు దగ్గర ఆగినట్టే ఆగి, సబ్బు చేతులతో ఉన్నప్పుడు జారిపోతుంది. మిగిలిన ఉంగరాలను అడుగున దారం చుట్టి వేసుకోండి లేదా కొన్నాళ్లు బీరువాలో పెట్టండి. మెట్టెలు చుట్టు తెరిచి ఉండే రకమైతే ఇంట్లోనే నొక్కుకోవచ్చు. వడ్డాణానికి కంసాలి లంకెలు తీసి ఇస్తాడు, ఆ లంకెలను తూకం వేయించి వెనక్కి తెచ్చుకోండి. గాజులకు మాత్రం మీరనుకున్నంత ఇబ్బంది ఉండదు, గాజు కొలత చేతి ఎముకలను బట్టి ఉంటుంది. రెండుమ్ముప్పావు వేసుకునేవారు రెండున్నరకు దిగుతారు, అంతకంటే పెద్దగా మారదు.

ఇప్పుడు పెళ్లి. మీ ఎత్తుకు మొదట్లో బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 47 ఉండేది, ఇప్పుడు 28. భారతీయులకు పెట్టుకున్న లెక్క ప్రకారం 23 దాటితేనే అధిక బరువు. అంటే ‘వాలిపోయావు’ అని బంధువులు ఎవరిని చూసి జాలిపడతారో, ఆ మనిషి డాక్టరు పట్టికలో ఇంకా లావుగానే ఉంది. ఈ వింత చూసి నవ్వుకోవచ్చు కానీ, వాళ్ల మాట వెనకున్న భయం అబద్ధం కాదు. మన ఊళ్లలో మనిషి చిక్కిపోతే క్షయో, షుగరో, కడుపులో ఏదో పెద్ద జబ్బో అని తరతరాలుగా చూసి ఉన్నారు. బాగుపడటానికి తగ్గినవాళ్లను చూసింది ఈ మధ్యే. అందువల్ల మీరు ఆ ప్రశ్నను దెప్పుడుగా తీసుకుని వివరణ మొదలుపెట్టవద్దు. ‘డాక్టర్ల దగ్గరే తగ్గాను పిన్నీ, రిపోర్టులన్నీ బాగున్నాయి. మీ మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయి?’ అని అడగండి. ఆ తర్వాత అరగంట సేపు మీరు మాట్లాడవలసిన పని ఉండదు. మీ అత్తగారికి మాత్రం ముందే ఇంట్లో కూర్చోబెట్టి నిజం చెప్పండి, ఎందుకంటే నలుగురిలో మీ తరఫున మాట్లాడగలిగేది ఆవిడే. దిష్టి తీస్తానంటే తీయించుకోండి. అది మీ మందులకు అడ్డం కాదు.

భోజనాల దగ్గర ఒక జాగ్రత్త. బంతిలో కూర్చుంటే, తర్వాతి బంతివాళ్లు వచ్చి కుర్చీ వెనక నిలబడతారు; ఆ తొందరలో మీలాంటి వారు గబగబా మింగి చేయి కడుక్కుని పక్కకు వెళ్లి వాంతి చేసుకోవడం నేను చూశాను. చివరి బంతిలో కూర్చోండి. ఇంటి దగ్గర ఒక ఉడికించిన గుడ్డు, కాస్త పెరుగు తిని బయలుదేరండి. భోజనానికి అరగంట ముందూ తర్వాతా నీళ్లు తాగవద్దు. వడ్డించేవారు బూరె, లడ్డూ వేస్తున్నప్పుడు ‘చాలు’ అంటే వినరు, చాలు అనడం మన దగ్గర మర్యాద కోసం అనే మాట కాబట్టి. ‘డాక్టరు వద్దన్నారు’ అంటే చేయి ఆగుతుంది. మీరు తినలేకపోవడం ఒకటే కాదు ఇక్కడి విషయం. ఖాళీ కడుపున తీపి తింటే కొందరికి పావుగంటలో చెమటలు, దడ, కడుపు మెలిపెట్టడం మొదలవుతాయి, మరికొందరికి రెండు గంటల తర్వాత చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. పరమాన్నం తినాలని ఉంటే భోజనం చివర రెండు చెంచాలు, నెమ్మదిగా. ఆకు మడిచేస్తే ఇక ఎవరూ వడ్డించరు.

విసుగు గురించి మీరు ఉత్తరం చివర్లో రాశారు. ఇన్నేళ్లుగా కష్టమొచ్చినా, అలసట వచ్చినా తినడం ఒక ఊరటగా ఉండి ఉంటే, ఆ తలుపు మూసుకున్నాక కష్టం ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది. పైగా అద్దంలో మనిషి మారినంత త్వరగా మనసులో కొలత మారదు. నా దగ్గరికి వచ్చే ఒకావిడ 40 కిలోలు తగ్గిన ఏడాదికి కూడా బస్సులో సీట్ల మధ్య నుంచి వెళ్లేటప్పుడు పక్కకు తిరిగి, కడుపు లోపలికి లాక్కునేవారు; ఎదురుగా రెండు అడుగుల ఖాళీ ఉండేది. ఇది కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. అలా కాకుండా రోజులో ఎక్కువసేపు ఏడుపు రావడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడటం రెండు వారాలకు మించి ఉంటే, థైరాయిడ్, బీ12 ఫలితాలు చూపించేటప్పుడే మానసిక వైద్యుల్ని కూడా కలవండి. దానికి సిగ్గుపడవలసింది లేదు.

చివరగా జాకెట్లు. ఛాతీ కొలత 44 నుంచి 36కు వచ్చిన జాకెట్టుకు పక్క కుట్లు వేయిస్తే సరిపోదు. భుజం కిందికి జారుతుంది, చంక దగ్గర గుడ్డ మూటకడుతుంది, మెడ తెరుచుకుంటుంది. భుజాలు, చేతులు విప్పదీసి మళ్లీ కట్ చేయాలి, దానికి కొత్త జాకెట్టు కూలీ కన్నా ఎక్కువ అడుగుతారు. కాబట్టి పట్టుచీరల మీది పని ఉన్న జాకెట్లు రెండు మాత్రం అలా చేయించి, మిగతావి ఎవరికైనా ఇచ్చేయండి, బడికి మూడు నూలు జాకెట్లు కొత్తవి కుట్టించండి. ఈ ఏడాదికి అంతే. పెళ్లినాడు పట్టుచీర కట్టేటప్పుడు మీకు ఒక విషయం ఎదురవుతుంది: నడుము 12 అంగుళాలు తగ్గితే, చీర ఒంటి చుట్టూ రెండుసార్లు తిరుగుతుంది కనుక, 24 అంగుళాల గుడ్డ అదనంగా మిగులుతుంది. ఒక్కో కుచ్చికి పది అంగుళాలు పడుతుంది కాబట్టి రెండు మూడు కుచ్చిళ్లు ఎక్కువ పోయాలి, ఆ బరువంతా ముందుకు లాగుతుంది. అందుకే వెడల్పు పట్టీ లంగా, కుచ్చిళ్లకు పెద్ద పిన్ను తప్పనిసరి. ముందు రోజే ఒకసారి కట్టుకుని, కూర్చుని లేచి చూసుకోండి. దర్జీకి జాకెట్టు ఇచ్చేటప్పుడు రెండు పక్కలా లోపల అంగుళంన్నర గుడ్డ వదిలి కుట్టమనండి. 18 నెలలు దాటాక చాలామందికి మూడు నాలుగు కిలోలు తిరిగి వస్తాయి, ఆ జాకెట్టు అప్పుడూ మీకు పట్టాలి.